సుత్తత్త సామాను

సుత్తత్త నోరు మూతపడటం ఆ వీధి ఒక్కసారే చూసింది. చూసి జడుసుకుంది.

ఆమెకు అసలు పేరు ఒకటుందన్న సంగతి, ఆసుపత్రిలో నర్సు కాగితం చూసి పిలిస్తే తప్ప కన్నకూతురికి కూడా గుర్తు రాదు. పొద్దస్తమానం సుత్తి పట్టుకుని ఇనుము కొడుతుంది. చెయ్యి ఆగిందంటే నోటితో సుత్తి కొడుతుంది. వీధిలో ఎవరో తుంటరి పెట్టిన పేరది. ఆమెకు కోపం రాలేదు సరికదా, "రెండూ నిజమేగా, కాదంటే కళ్లు పోతాయి" అని ఒప్పేసుకుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఆమె కొలిమి. తాపీ మేస్త్రీలు మొండిబారిన ఉలులు తెచ్చి ఇచ్చేవారు. తోటమాలులు విరిగిన పారలూ వంగిన గునపాలూ గోడకు ఆనించి పోయేవారు. పని ఇచ్చిన మనిషి ఊరికే పోవడానికి వీల్లేదు. ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, షెడ్డులో ఉన్న ఒక్కొక్క సామాన్నీ చుట్టాల్ని పరిచయం చేసినట్టు పరిచయం చేసేది.

"ఇదిగో ఈ సుత్తి ఉందే, పోయిన జన్మలో లారీ ఇరుసు. ఇనుము పెట్టి కొట్టే ఈ దాగలి రైలు పట్టా. దీని మీద ఎన్ని లక్షల మంది ప్రయాణం చేశారో ఏమో, ఇప్పుడు నీ గునపం చేస్తోంది."

వచ్చినవాళ్లు "అలాగా అత్తా" అంటూ నెమ్మదిగా చెప్పుల్లో కాళ్లు దూర్చేవారు.

ఆమె మాటల్లో కాస్త పెంచి చెప్పడం ఉన్నా అబద్ధం మాత్రం లేదు. ఆ షెడ్డులో కొన్న పనిముట్టు ఒక్కటీ లేదు. అన్నీ పాత ఇనుములోంచి ఏరుకుని, కాల్చి, సాగదీసి, అరగదీసి తనే చేసుకుంది. చేసుకోక తప్పలేదు.

ఆమె తండ్రి కమ్మరి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే తిత్తి దగ్గర కూర్చుని నిప్పుకు గాలి కొట్టేది. ఇనుము ఏ రంగులో మెత్తబడుతుందో, ఏ రంగు దాటితే చెడిపోతుందో అక్కడే కంటికి పట్టుబడింది. తండ్రి పోయాక కొట్టు అన్నకు వచ్చింది. కొట్టుతోపాటు తాత నాటి దాగలి, పట్టుకార్లు, సుత్తులు అన్నీ అన్నకే. ఒక్క సుత్తి ఇవ్వమని అడిగింది. "ఆడపిల్లవి, నీకెందుకే ఇనుము? పెళ్లి చేశాంగా, పోయి వండుకు తిను" అన్నాడు. ఆ తరవాత కొన్నాళ్లకు అతనే కొట్టు మూసేశాడు. సామాను ఎవరికిచ్చాడో ఆమెకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయాడు. చేతిలో పసిపిల్ల. బస్సుల డిపోలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడే ఒకరోజు మూల పారేసిన కమాను పట్టీలు కంటబడ్డాయి. బస్సు బరువంతా మోసి మోసి విరిగిన ఉక్కు. చీపురు పక్కన పెట్టి, ఒక పట్టీని రాయికేసి తట్టింది. ఖంగుమని పలికింది. ఆ మోత విన్నాక ఆమెకు రెండు రోజులు ఏ పనీ తోచలేదు.

అలా మొదలైంది. డిపో తుక్కంతా కొనేది రెండు వీధుల అవతల ఉన్న కాటా అన్న. తూకం తప్ప వేరే ధ్యాస లేని మనిషి కనక ఆ పేరు. అతని దగ్గర ఒక లారీ బ్రేకు డ్రమ్ము అడిగి తెచ్చి కొలిమి చేసింది. బ్యూటీ పార్లరువాళ్లు కొట్టు మూసేస్తూ పారేసిన హెయిర్ డ్రయ్యరుతో దానికి గాలి పెట్టింది. రైలు పట్టా ముక్కను మొద్దుకు బిగించి, ఒక కొనను ఆకురాయితో నెలల తరబడి అరగదీసి ఆవు కొమ్ములా తీర్చింది. స్ప్రింగులు విప్పదీసి ఉలులు చేసింది. పెద్ద బేరింగు గుండును నేలలో పాతి గరిటెల గుంటలు దాని మీద వంచింది. పట్టుకార్లయితే గోడంతా వేలాడేవి. వెడల్పు మూతివి, గుండ్రటి మూతివి. అన్నిటికన్నా ఇష్టమైనది సన్నటి పొడుగు మూతిది. దానికి కొంగ అని పేరు. ఇరుసు సుత్తికి కర్ర చెక్కినప్పుడు బొటనవేలు ఆనేచోట చిన్న గుంట తీసుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుంట లోతై, ఆ సుత్తి ఇంకెవరు పట్టుకున్నా ఇమిడేది కాదు.

ఆ కొలిమి మీదే కూతురు పెరిగింది, చదువుకుంది, పెళ్లి చేసుకుంది. ఇప్పుడు లాండ్రీ కౌంటర్లో పని. అల్లుడు బస్సు డ్రైవరు. అందరూ ఒకే ఇంట్లో.

ఒక మధ్యాహ్నం సుత్తత్త కొలిమి ముందు కడుపు పట్టుకుని కుప్పకూలింది. నిప్పు మీద పడకుండా వెనక్కి పడింది, అదే అదృష్టం. పిత్తాశయంలో రాళ్లన్నారు. ఆపరేషన్ చేశారు. కుట్ల దగ్గర చీము పట్టడంతో ఇంకొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచేశారు. "బరువులు ఎత్తకూడదు. ఆ పొగ, ఆ సెగ తగ్గించుకోండి" అని డాక్టరు కూతురికి గట్టిగా చెప్పింది. ఆ మాట కూతురి చెవుల్లో గింగుర్లు కొట్టింది. అమ్మ ఆ షెడ్డులోనే ఒకరోజు ప్రాణం పోగొట్టుకుంటుందని ఆ పిల్లకు ఎప్పటినుంచో భయం.

ఇంటికి తెచ్చిన రోజు కూతురి ముఖం వెలిగిపోతోంది. "అమ్మా, కళ్లు మూసుకో" అని చెయ్యి పట్టుకుని వెనక వైపు నడిపించింది. అల్లుడు ముందు వెళ్లి తలుపు తీశాడు.

"ఇప్పుడు తెరువు."

సుత్తత్త కళ్లు తెరిచింది. తెల్లటి గోడలు. కొత్త సున్నం వాసన. కిటికీకి పువ్వుల తెర. నేల కడిగి, దాగలి మొద్దు ఉండేచోట వరసగా పూలకుండీలు పెట్టారు. మధ్యలో మెత్తటి పెద్ద కుర్చీ. పైన ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది.

వేరే ఇంటికి వచ్చానేమో అనుకుంది. వెనక్కి తిరిగి చూసింది. వాకిలి తనదే. నీళ్ల తొట్టి తనదే.

"ఎలా ఉందమ్మా?"

"ఏవీ?"

"ఏవమ్మా?"

"నా సామాను."

"ఏం సామాను?" అంది కూతురు. ఎగతాళి కాదు, దాచడమూ కాదు. నిజంగానే తెలియక అడిగింది. అడిగాక ఒక క్షణానికి, "ఓ, ఆ తుక్కా? మొత్తం అమ్మేశామమ్మా. తుప్పు పట్టి ఎలా ఉండేదో! తీస్తుంటే ఈయన చేతికి గీరుకుపోయింది కూడా" అంది.

దగ్గరున్నది ఆ కుర్చీ ఒక్కటే. సుత్తత్త అందులోనే కూలబడింది.

అత్తగారికి కుర్చీ నచ్చిందనుకున్నాడు అల్లుడు. "ఆ డబ్బుతోనే తెచ్చాం అత్తయ్యా. వెనక్కి వాలుతుంది కూడా" అంటూ పక్కనున్న పిడి లాగాడు. కుర్చీ మెల్లగా వెనక్కి ఒరిగింది. కాళ్లు పైకి లేచాయి. సుత్తత్త నోరు తెరుచుకుని, తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు చూసింది కూతురు అమ్మ ముఖం. "ఏవండీ, లేపండి. ముందు లేపండి ఆ కుర్చీని" అని అరిచింది.

లేచి నిలబడిన సుత్తత్త కుట్ల మీద అరచెయ్యి అదుముకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. కూతురు చెప్పులు చేత్తో పట్టుకుని వెంట పరుగెత్తింది.

కాటా అన్న తన కొట్టు ముందు సీసాలు ఏరుతున్నాడు. ఆమెను చూసి లేచి, "చెల్లెమ్మా! లేచి తిరుగుతున్నావా? నేను ఊళ్లో లేను, నిన్ననే వచ్చా. లేకపోతే ఆసుపత్రికి వచ్చేవాణ్ణి" అన్నాడు.

"కొంగ" అంది సుత్తత్త.

"ఏ కొంగ?"

వెనక నుంచి కూతురు రొప్పుతూ చెప్పింది. షెడ్డులో ఇనుమంతా మొన్న ఇక్కడే వేశామని, బండి తోలుకొచ్చినవాడు ఇతని తమ్ముడేనని. వింటూ వింటూ కాటా అన్న చేతిలో సీసా కింద పెట్టేశాడు.

"రైలు పట్టా ముక్క... కొమ్ము తీసినది... అదీ అందులోనే వేశారా చెల్లెమ్మా?" అన్నాడతను. "మావాడికి తెలీదు. బరువు ఇనుమంతా పొద్దున లారీకెత్తించాడు. లారీ నా కళ్లముందే వెళ్లింది. అడుగున ఉండుంటుంది, నేను చూడలేదు. ఈపాటికి ఉక్కు ఫ్యాక్టరీ గేటు దాటి ఉంటుంది."

"చిన్నవి?" అని అడిగింది కూతురు.

కాటా అన్న కొట్టు వెనక్కి దారి చూపించాడు.

అక్కడ ప్రెస్సు ఉంది. రేకులు, తీగలు, సైకిలు చట్రాలు, ఏవి పడితే అవి అందులో పోస్తే నాలుగు వైపుల నుంచీ నొక్కి, పెట్టెంత దిమ్మలు చేసి బయటికి తోస్తుంది. దిమ్మలు గోడ వారన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. సుత్తత్త వాటి చుట్టూ నడిచింది. ఒక్కొక్క దాని మీదా చెయ్యి పెట్టి, వంగి చూసింది. ఒకచోట ఆగిపోయింది.

నలిగిన డబ్బాలకూ ఫ్యాను రెక్కలకూ నడుమ కొంగ ఇరుక్కుని ఉంది. సన్నటి మూతి మెలి తిరిగి, ఎవరిదో తలుపు గడియను కరుచుకుంది. ఒక కాడ లోపలికి పోయింది. రెండో కాడ మాత్రం దిమ్మ లోంచి బయటికి పొడుచుకొచ్చింది. ఆమె చేతిలో ఏళ్ల తరబడి నలిగి నున్నబడిన కాడ.

సుత్తత్త దాన్ని పట్టుకుని లాగింది. రాలేదు. కాలు దిమ్మకు తన్నిపెట్టి, రెండు చేతులతో లాగింది.

"రాదు చెల్లెమ్మా. కోయాల్సిందే. కోసినా అది..." అన్నాడు కాటా అన్న.

కూతురు వెనక నుంచి చుట్టేసి పట్టుకుంది. "వద్దమ్మా, కుట్లు తెగుతాయి. వదిలెయ్." తల్లి వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి సుత్తత్త మాట్లాడటం మానేసింది. అలిగి కాదు. పెట్టింది తినేది, మందులు వేసుకునేది, పలకరిస్తే తలూపేది. కూతురు కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ "తప్పయిపోయిందమ్మా" అంటే తల నిమిరింది కూడా. మాట మాత్రం లేదు. మేస్త్రీలు ఉలులు తెచ్చి, తెల్లటి గోడలు చూసి, అడగడానికి నోరు రాక వెనక్కి పోయారు. ఒకప్పుడు ఆమె కంటబడకుండా గోడ వారన నక్కి పోయిన వీధి జనం, ఇప్పుడు కావాలని ఎదురుపడి పలకరించారు. అల్లుడు భార్యతో గుసగుసగా, "అత్తయ్య నన్ను నాలుగు తిట్టినా బాగుండేదే. ఇలా చూస్తుంటే బస్సు తోలుతున్నా ఆ చూపే కనిపిస్తోంది" అన్నాడు.

ఆమెకు కోపం లేదు. కోపం రావాలంటే ముందు జరిగింది బుర్రకెక్కాలి. అది ఎక్కడం లేదు. కూర్చున్నచోటే కుడిచెయ్యి దానంతటది పక్కకు వెళ్లేది, సుత్తి ఉండాల్సిన చోటుకు. గాలి తగిలి వెనక్కి వచ్చేది. ఒకే ఆలోచన బుర్రలో తిరుగుతూ ఉండేది. తోడబుట్టిన అన్న ఒక్క సుత్తి ఇవ్వనన్నాడు. అన్నకు వాటి విలువ తెలుసు, కాబట్టే ఇవ్వలేదు. కూతురికి తెలియదు, కాబట్టే ఇచ్చేసింది. ఆ పిల్ల ముందు అన్నేళ్లు చెప్పిన కబుర్లన్నీ మరి ఎవరికి చెప్పినట్టు? అదే ఆమె నోరు కట్టేసింది.

ఒకరోజు సెలవు పెట్టి కూతురు పొద్దున్నే ఎక్కడికో వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు వెనక ఒక తోపుడుబండి, దాన్ని తోస్తూ కాటా అన్న. ఒళ్లంతా తుప్పు, మసి. బండిలో ఉన్నవన్నీ తెచ్చి అమ్మ ముందు వాకిట్లో పరిచింది.

"నేనే ఏరానమ్మా. కాటా మామయ్య చూపిస్తానన్నాడు, వద్దన్నాను. ఇవి పనికొస్తాయా?"

సుత్తత్త చూసింది. కాలువ మూత ఒకటి. మెరిసే గొట్టం ఒకటి. నాలుగు కడ్డీలు, ఒక కారు స్ప్రింగు, చిల్లుపడిన బాణలి. చాలాసేపు చూసింది. కాలిబొటనవేలితో కాలువ మూతను కదిపింది.

"ఇది పోత ఇనుము" అంది. చాలా రోజులుగా వాడని గొంతు, బొంగురు పోయింది. "దీని మీద సుత్తి దెబ్బ పడితే పెంకులా పగిలిపోతుంది. ఆ గొట్టం అల్యూమినియం, కొలిమిలో పెడితే కారి బూడిదలో కలుస్తుంది. బాణలి ఎందుకు తెచ్చావే, నా నెత్తిన బోర్లించడానికా?"

కూతురు నవ్వబోయి ఏడ్చేసింది. "ఇంకా తిట్టమ్మా."

"స్ప్రింగు మంచిది. కడ్డీలు పట్టుకార్లకి చాలు."

"అమ్మా, ఒక మాట అడగనా? ఆ సుత్తులూ పట్టుకార్లూ... నువ్వు చేసినవా?"

సుత్తత్త కూతురి వంక తేరిపార చూసింది. "మరి ఎవరు చేశారనుకున్నావు?"

"కొన్నావనుకున్నా. పాతవి చవగ్గా కొనుక్కున్నావనుకున్నా."

"ఎన్నిసార్లు చెప్పానే!"

"నువ్వు చెప్పేవి చాలా ఉంటాయి కదమ్మా" అంది కూతురు తల వంచుకుని. "చిన్నప్పుడే వినడం మానేశాను."

కాటా అన్న తోపుడుబండి చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు. సుత్తత్త "పద, ఆ మూత వెనక్కిచ్చేద్దాం. నడుస్తూ చెబుతాను, ఈసారి చెవులు తెరుచుకుని విను" అని లేచింది.

రైలు పట్టా మళ్లీ దొరకలేదు. దాని బదులు దాగలికని, గోదాముల్లో బరువులెత్తే బండికి ముందు ఉండే ఉక్కు నాలుక ముక్క ఒకటి కాటా అన్న ఎక్కడినుంచో తెప్పించాడు. బ్రేకు డ్రమ్ముకు కరువు లేదు. అల్లుడు డిపోలో అడిగి, పాడైన బస్సులోంచి గాలి కొట్టే పంకా పట్టుకొచ్చాడు. ఒక తాపీ మేస్త్రీ తన సుత్తి వాడుకోమని ఇచ్చాడు. పూలకుండీలు వాకిట్లోకి, కుర్చీ ముందుగదిలోకి పోయాయి.

ఇంకో చిక్కు మిగిలింది. పట్టుకారు చేయాలంటే ఎర్రగా కాలిన ఇనుము పట్టుకోవడానికి పట్టుకారు కావాలి. "మరెలా?" అని కూతురు అడిగితే, "పొడుగు కడ్డీకి పట్టుకారెందుకే, చల్లటి కొస చేత్తో పట్టుకుంటే సరి. చివర పని అయ్యాక తెంపుకోవడమే" అంది.

బరువు ఎత్తొద్దన్నారు కనక సుత్తత్త పీట మీద కూర్చుని కడ్డీ తిప్పుతుంది, కూతురు కొడుతుంది. కడ్డీ కొస నారింజ రంగుకు వచ్చాక తీసి దాగలి మీద పెట్టింది. "కొట్టు."

మొదటి దెబ్బ దాగలికే తగిలింది. రెండోది కడ్డీ అంచుకు. "భయపడకు, దాన్ని చూడు, సుత్తిని కాదు." మూడోది తగిలింది. నాలుగోది తగిలింది. ఇంకో దెబ్బ కొట్టి, కూతురు సుత్తిని ఉత్త దాగలి మీద ఒకసారి టింగుమని తేలిగ్గా ఆడించి మళ్లీ ఎత్తింది. మళ్లీ మూడు దెబ్బలు, ఒక టింగు.

సుత్తత్త చేతిలో కడ్డీ ఆగిపోయింది.

ఆ టింగు తనది. దెబ్బకూ దెబ్బకూ నడుమ చెయ్యి ఊపిరి తీసుకోవడానికి తను చేసే చప్పుడు. తండ్రి దగ్గర పట్టుబడింది. దాని గురించి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

"అది ఎవరు నేర్పారే నీకు?"

"ఏది?"

"ఆ టింగు."

కూతురు సుత్తి వంక చూసుకుంది. "ఏమో. అలా కొట్టాలి కదా? నేను లోపల లెక్కలు చేసుకుంటుంటే రోజూ అలాగే వినిపించేది."

ఆ పిల్ల కబుర్లు వినలేదు గాని, సుత్తిని విన్నది. లోపల గదిలో కూర్చుని, పుస్తకం ముందేసుకుని, ఏళ్ల తరబడి విన్నది. కళ్లలో నీళ్లు తిరిగితే సుత్తత్త పొగ అని తుడుచుకుంది.

"ఏమైందమ్మా?"

"చల్లారిపోయింది. మళ్లీ కాల్చాలి."

రెండు కాడలూ తయారయ్యేసరికి ఒకటి కాస్త పొడుగైంది. బెజ్జాలు వేడి మీదే పొడిచి, మేకు దూర్చి, తల కొట్టి బిగించారు. బిగుసుకుపోకుండా వేడిగా ఉండగానే నీళ్లలో ముంచి తెరుస్తూ మూస్తూ ఆడించమంది. కూతురు తొట్టి ముందు కూర్చుని, ఆవిరిలో ముఖం పక్కకు తిప్పుకుని ఆడించింది. మూతి కొంచెం వంకర. అయినా పట్టుకుంటుంది.

దాంతో రెండోది చేశారు, రెండోదాంతో ఉలులు. కూతురు సెలవు రోజుల్లో కొట్టేది. కుట్లు మానాక మిగతా రోజుల్లో సుత్తత్తే కొట్టుకుంది. పాత సుత్తి లాంటిది మాత్రం మళ్లీ కుదరలేదు. కొత్తదానికి కర్ర ఎన్నిసార్లు చెక్కినా బొటనవేలు దాని చోటు దొరక్క తడుముకునేది. సాయంత్రానికి మణికట్టు లాగేది. ఒక్కోసారి పని మధ్యలో చెయ్యి గోడవైపు పాత మేకుల వరస ఉండేచోటికి వెళ్లి, అక్కడ ఏమీ లేక ఆగేది. అప్పుడు ముఖంలో మళ్లీ ఆ రోజటి తెల్లబోవడం కనిపించేది. కూతురు ఉంటే కావలసింది తీసి చేతికిచ్చేది.

సుత్తి అరువిచ్చిన మేస్త్రీ మొదటి ఉలి తీసుకెళ్లి, మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. అంచు పెచ్చు లేచిపోయింది. "అత్తా, రెండే దెబ్బలు కొట్టాను, ఒట్టు" అన్నాడు.

సుత్తత్త దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. ఉలి కాల్చినప్పుడు తెల్లటి సున్నం గోడల మధ్య వెలుతురు ఎక్కువై, కాలిన ఇనుము రంగు తప్పుగా కనబడింది. తన కన్నే తనను మోసం చేసిందని ఇప్పుడు తెలిసింది.

"కూర్చో" అని పీట చూపించింది. కిటికీ మీద పాత గోనెపట్టా కట్టి, షెడ్డు చీకటి చేసి, ఉలి మళ్లీ కాల్చింది. ఈసారి రంగు సరిగ్గా తేలింది. నీళ్లలో ముంచి తీసి, కొస రుద్ది, మిగిలిన వేడికి ఎండుగడ్డి రంగు పాకేదాకా ఆగి మళ్లీ ముంచింది.

మేస్త్రీ అక్కడే వాకిట్లో రాయి మీద కొట్టి చూశాడు. రాయి పెచ్చులు లేచాయి, ఉలి నిలిచింది. ఇంకోసారి కొట్టి, అంచు మీద వేలు పెట్టి చూసుకుని, "బాగుందత్తా" అని వెంట తెచ్చిన మొండిబారిన ఉలుల మూట గోడ వారన పెట్టి పనికి వెళ్లిపోయాడు.